మెరుగు – తరుగు

చేతి గడియారం సమయం తెలుసుకొనడానికి మాత్రమే ఉపయోగపడిన రోజులు గడిచిపోయినవి. నేడు విద్యార్థి జేబులోని ఫోను అంతకంటె కచ్చితంగా సమయం చెబుతున్నది. అయినా మణికట్టుపై గడియారం నిలిచే ఉన్నది. అది తండ్రి గల్ఫు దేశంలో ఏళ్ళ తరబడి శ్రమించి తెచ్చుకున్నది కావచ్చు. పెండ్లిలో అల్లునికి పెట్టినది కావచ్చు. పదవీ విరమణ నాడు తోటి ఉద్యోగులు బహూకరించినది కావచ్చు. పురుషులు బంగారం ధరించరాదని పాటించే ఇండ్లలో ఒక మంచి స్టీలు గడియారమే మగవాని ఏకైక ఆభరణం. అటువంటి గడియారం ఖరీదైనదీ, అద్దంవలె మెరిసేదీ అయినప్పుడు దానిపై పడిన మొదటి గీత ఇంటిల్లిపాదికీ మనస్తాపం కలిగిస్తుంది. వెంటనే నలుగురూ చెప్పే సలహా ఒక్కటే: "పాలిష్ పెట్టించండి, క్రొత్తదానివలె అవుతుంది."

ఈ సలహా తొందరపాటుతో కూడినదని మా అభిప్రాయం. మెరుగు పెట్టించనే కూడదని మేము అనడం లేదు. మెరుగు అంటే ఏమిటో, దానికి ఆ వస్తువు చెల్లించే వెల ఎంతో తెలిసిన తరువాతనే ఆ పనికి పూనుకోవలెనని అంటున్నాము. ఎందుకంటే గీత పడిన గడియారాన్ని ఎప్పుడైనా బాగు చేయించవచ్చు. అరిగిపోయిన గడియారానికి పోయిన లోహాన్ని తిరిగి తేవడం మహా కష్టం.

కంసాలి వద్దకు వెళ్ళిన ప్రతి ఇల్లాలికీ "తరుగు" అనే మాట తెలుసు. ఆకురాయి పెట్టినా, సాన పెట్టినా, మెరుగు పెట్టినా కొంత బంగారం పొడియై పోతుంది. తూకంలో అది కనబడుతుంది గనుక బంగారం విషయంలో మనం జాగ్రత్త పడతాము. గడియారాన్ని మాత్రం ఎవరూ తూచి ఇవ్వరు, తూచి పుచ్చుకోరు. అందుచేత అక్కడ తరుగు ఉన్నదనే సంగతే మనకు తోచదు.

గీత పడినప్పుడు జరిగేదేమిటో గమనించండి. నాగలి చాలులో మట్టి ఇరువైపులకు ఒరిగినట్లు, గీత పడిన చోట లోహం చాలావరకు ప్రక్కలకు ఒత్తుకొనిపోతుంది. పోయిన లోహం స్వల్పం. మెరుగు పెట్టేవాడు ఆ చాలును పూడ్చడు, పూడ్చలేడు. గీత అడుగు ఎంత లోతున ఉన్నదో అంత లోతు వరకు చుట్టూ ఉన్న లోహాన్నంతటినీ అరగదీస్తాడు. పొలంలో ఒకచోట గుంట పడినదని పొలమంతటినీ ఆ గుంట లోతుకు త్రవ్వి చదును చేసినట్లుంటుంది ఈ పని. గీత ఒకటి; దానికోసం పోయేది మొత్తం ఉపరితలం.

ఒకసారి జరిగితే కంటికి ఆనదు. రెండు మూడు పర్యాయాలు జరిగేసరికి గడియారం రూపురేఖలు మారుతవి. నిక్కచ్చిగా ఉన్న అంచులు సబ్బు బిళ్ళ అంచులవలె గుండ్రబడతవి. పట్టీని పట్టి ఉంచే కొమ్ములు సన్నబడతవి. వెనుక మూతపై చెక్కిన అక్షరాలు వెలిసిపోతవి. ఇత్తడిపై బంగారు పూత వేసిన గడియారమైతే మొదటి పర్యాయమే పూత పోయి ఇత్తడి బయటపడవచ్చు. అప్పుడు మెరుపు ఉంటుంది గాని, మెరిసే ఆ వస్తువు మనం దాచుకున్న గడియారం కాదు.

అద్దంవంటి మెరుపు గల గడియారాల విషయంలో ఈ ప్రమాదం మరింత ఎక్కువ. ఉదాహరణకు జపాను దేశపు "గ్రాండ్ సీకో"ను తీసుకుందాము. కింతారో హత్తోరి 1881లో టోక్యోలో ప్రారంభించిన వ్యాపారమే నేటి సీకో సంస్థ. గ్రాండ్ సీకో పేరుతో మొదటి గడియారం వెలువడినది 1960లో. 1967లో వచ్చిన "44 జీ.ఎస్." అనే నమూనాతో ఆ గడియారాల రూపానికి ఒక నియమావళి స్థిరపడినది. సమతలాలు అద్దంవలె ఉండవలెను. వాటిలో ప్రతిబింబం వంకర పోరాదు. రెండు తలాలు కలిసేచోట అంచు కత్తి అంచువలె స్పష్టంగా ఉండవలెను. ఆ రూపాన్ని సాధించే మెరుగు పద్ధతిని "జరాట్సు" అంటారు. ఈ పేరు జపాను మాట కాదు. పూర్వం ఐరోపా నుండి దిగుమతి అయిన మెరుగు యంత్రాలపై ఉన్న "సల్లాజ్" అనే తయారీదారు పేరే జపానీయుల నోట జరాట్సు అయినది.

సాధారణంగా మెరుగు పెట్టేవారు మెత్తని గుడ్డ చక్రం అంచుకు వస్తువును అదిమిపడతారు. మెత్తని చక్రం వస్తువు చుట్టూ వంగుతుంది గనుక అంచులను కూడ తినివేస్తుంది. జరాట్సులో అట్లా కాదు. తిరుగుతున్న లోహపు పళ్ళెం యొక్క చదునైన ముఖానికి గడియారపు తలాన్ని సరిగా ఒకే కోణంలో ఆనించి ఉంచుతారు. ఆ కోణాన్ని నిలబెట్టేది పనివాని చేయి. ఒత్తిడిని నిర్ణయించేది అతని వేలి స్పర్శ. ఈ నేర్పు అలవడడానికి సంవత్సరాలు పడుతుంది. అటువంటి చేతిలో తయారైన తలాన్ని, అర్ధగంటలో పని ముగించే బజారు బఫింగ్ చక్రానికి అప్పగించడం ఎంతవరకు న్యాయమో పాఠకులే ఆలోచించవలెను. గీత పోతుంది, గీతతోబాటు ఆ సంవత్సరాల నేర్పు కూడ పోతుంది.

మరొక విచిత్రం కూడ ఉన్నది. ఖరీదైన గడియారాలపై అన్ని భాగాలూ అద్దంవలె ఉండవు. కొన్ని తలాలపై ఒకే దిక్కుగా సాగే సన్నని గీతలను పనివారే కావాలని పెడతారు. కాంతిని చెదరగొట్టి, ప్రక్కనున్న అద్దపు తలానికి అందం తెచ్చేవి ఆ గీతలే. విషయం తెలియని చేతిలో పడితే ఆ ఏర్పాటు చేసిన గీతలు కూడ "గీతలే" గనుక తుడిచిపెట్టబడతవి. గడియారం అంతా ఒకే తీరుగా తళతళలాడుతుంది. యజమాని సంతోషిస్తాడు. జరిగిన నష్టం అతనికి తెలియదు.

ఇటువంటి నష్టాన్ని మన దక్కను ప్రాంతం వారు బిద్రీ సామానుల విషయంలో చూసే ఉంటారు. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో భాగంగా ఉన్న బీదరులో వికసించిన కళ అది. జింకులో కొద్దిగా రాగి కలిపిన మిశ్రమ లోహంపై వెండిని పొదిగి, బీదరు కోట మట్టితో చేసిన ముద్దను పట్టిస్తే లోహం నల్లబడుతుంది, వెండి తెల్లగా నిలుస్తుంది. ఆ నలుపే బిద్రీకి ప్రాణం. తాతలనాటి హుక్కా అడుగో, పాన్‌దానో మాసినదనుకొని ఇత్తడి సామాను తోమే ద్రావకంతో రుద్దితే ఆ నలుపు పోతుంది. మురికి అనుకున్నది పనితనమే అని అప్పుడు తెలుస్తుంది. గడియారమైనా, బిద్రీ అయినా బోధించేది ఒకటే: వస్తువును శుభ్రపరచే ముందు ఏది మురికి, ఏది పనితనం అనే వివేకం కావలెను.

ఇక్కడ ఉర్దూ సాహిత్యం చదివే మిత్రులు ఒక ఆక్షేపణ చేయవచ్చు. "సైఖల్"కు, అనగా మెరుగు పెట్టడానికి, మన సంప్రదాయంలో ఎంతో గౌరవం ఉన్నది కదా? 13వ శతాబ్దంలో మౌలానా రూమీ తన మస్నవీలో చీనా చిత్రకారులకు, రోము దేశపు వారికి జరిగిన పోటీని వర్ణించినాడు. చీనా వారు రంగులతో గోడను చిత్రించగా, రోము వారు ఎదుటి గోడకు మెరుగు మాత్రమే పెట్టినారు. తెర తొలగగానే ఆ చిత్రమంతా ఈ గోడలో మరింత అందంగా ప్రతిఫలించినది. అటువంటప్పుడు మెరుగును నిందించడమేల?

ఆ కథ మా వాదానికి విరుద్ధమైనది కాదని మనవి చేస్తున్నాము. ఆ కథలో మెరుగు తొలగించేది త్రుప్పును, మాలిన్యాన్ని. హృదయానికి పట్టిన మకిలిని వదిలించుకొమ్మని ఆ మహాకవి ఉపదేశం. హృదయాన్నే కొంత కొంత కోసివేయమని ఆయన చెప్పలేదు. మకిలిని తొలగించే మెరుగు వేరు, పదార్థాన్ని తినివేసే మెరుగు వేరు. మొదటిది నిత్యం చేసినా మంచిదే. రెండవది జీవితంలో ఒకటి రెండు పర్యాయాలకు మించరాదు.

ఇక కర్తవ్యం ఏమిటని అడిగే విద్యార్థుల కోసం కొన్ని విషయాలు వివరిస్తాము.

గీతలు ఎక్కడనుండి వస్తున్నవో ముందు తెలుసుకొనవలెను. భూగర్భశాస్త్ర విద్యార్థులకు మోస్ కాఠిన్య మానం పరిచితమే. అందులో మెత్తని టాల్క్‌కు 1, వజ్రానికి 10. ఇసుకలో ఉండే క్వార్ట్జ్‌కు 7. గడియారాలకు వాడే స్టీలు క్వార్ట్జ్ కంటె మెత్తనిది. మన వీధుల దుమ్ములో ఇసుక రేణువులు ఉండనే ఉంటవి. కనుక దుమ్ము పట్టిన గడియారాన్ని కుర్తా అంచుతోనో, చేతిరుమాలుతోనో పొడిగా రుద్దడమంటే గరుకు కాగితంతో రుద్దడమే. గడియారాన్ని మెరిపించాలని మనం రోజూ చేసే ఈ తుడుపే సన్నని వెంట్రుక గీతలకు ఒక ముఖ్య కారణం. మొదట దుమ్మును ఊదివేసి, తరువాత మెత్తని శుభ్రమైన గుడ్డతో ఒత్తకుండా తుడవవలెను. నీరు చొరని గడియారమని నిశ్చయంగా తెలిసినప్పుడు మాత్రమే, ప్రక్క మరను బిగించి, మంచినీటితో కడగవచ్చు. పాత గడియారాన్ని నీటి దరికి చేర్చరాదు. కడిగిన తరువాత చూస్తే గీత అనుకున్నవాటిలో కొన్ని, వేరే లోహం రాసుకొని అంటిన మరకలని తేలుతుంది.

వజూ సమయంలో గడియారం విప్పి హౌజు గట్టు రాతిపై బోర్లించి పెట్టడం చాలమందికి అలవాటు. కొందరు తాళపు చెవులున్న జేబులోనే దానిని వేసుకొంటారు. పరీక్ష హాలులో బల్లపై పట్టీ రాసుకొనేటట్లు వ్రాసేవారూ ఉన్నారు. జేబులో ఒక మెత్తని గుడ్డ సంచి ఉంచుకొంటే మొదటి రెండు బాధలు తప్పుతవి. దీనికి అయ్యే ఖర్చు దాదాపు శూన్యం.

అద్దం సంగతి వేరు. నేటి ఖరీదైన గడియారాలలో చాలవాటికి కృత్రిమ నీలమణి పలక ఉంటుంది. మోస్ మానంలో దాని స్థానం 9. ఇసుక దానిని గీయలేదు. అయితే గట్టి దెబ్బకు అది పగులుతుంది. పలకపై వెలుతురు ప్రతిఫలించకుండ పూసిన పూత గీసుకొనిపోతే దానిని అద్దంపై గీతగా మనం భ్రమపడతాము. పాత గడియారాలలో ఉండేది ప్లాస్టిక్ అద్దం. అది ఇట్టే గీతలు పడుతుంది, పళ్ళ పేస్టుతో మెల్లగా రుద్దితే ఇట్టే పోతవి. ఈ మెత్తని అద్దాన్ని తక్కువగా చూడనక్కరలేదు. 1965లో అమెరికా అంతరిక్ష సంస్థ ఎంపిక చేసి, 1969లో చంద్రునిపై అడుగిడిన వ్యోమగామి ధరించిన ఒమెగా స్పీడ్‌మాస్టర్‌కు ఉన్నది ప్లాస్టిక్ అద్దమే. దెబ్బ తగిలినా అది ముక్కలై చెదరదు. గీత పడే గుణమూ, పగలని గుణమూ ఆ మెత్తదనం నుండి వచ్చినవే. అయితే ప్లాస్టిక్ అద్దానికి పనికివచ్చే పళ్ళ పేస్టును అద్దపు మెరుగు గల స్టీలుపై ప్రయోగించరాదు. అది తలాన్ని మసకబరుస్తుంది.

లోహంపై పడిన గీతలను మూడు తరగతులుగా విభజించవచ్చు. వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూస్తేనే కనిపించేవి మొదటివి. గోటితో మెల్లగా తడిమితే తగిలేవి రెండవవి. సొట్టలు, లోతైన గాట్లు మూడవవి. మొదటి తరగతి గీతలను వదిలివేయడమే ఉత్తమం. రోజూ ధరించే గడియారంపై అవి ఎట్లాగూ మళ్ళీ వస్తవి. రెండవవి కొన్ని చేరినప్పుడు, లోపలి యంత్రాన్ని విప్పి నూనె వేయించే సమయంలో, తలాన్నీ అంచునూ కాపాడగల పనివాని చేత ఒకసారి సరిచేయించవచ్చు. మూడవ తరగతికి నేడు మరొక మార్గం ఉన్నది. కొన్ని పెద్ద కర్మశాలలలో లేజరు సహాయంతో అదే జాతి లోహాన్ని గాటులో నింపి, తరువాత తలాన్ని సరిచేస్తారు. అది ఖర్చుతో కూడిన పని గనుక అందరికీ, అన్ని గడియారాలకూ అవసరం లేదు. త్రుప్పు పట్టినప్పుడు, మొన తేలిన అంచు చర్మాన్ని గీరుతున్నప్పుడు మాత్రం చికిత్స చేయించక తప్పదు.

అన్నిటికంటె ముఖ్యమైనది, గడియారాన్ని మరమ్మత్తుకు ఇచ్చేటప్పుడు "యంత్రాన్ని మాత్రం శుభ్రం చేయండి, పై భాగానికి మెరుగు పెట్టవద్దు" అని స్పష్టంగా చెప్పి రసీదుపై వ్రాయించుకొనడం. అడగకుండానే మెరుగు పెట్టి ఇవ్వడం ఒక మర్యాదగా చెలామణీ అవుతున్నది. దీనికి మన ఘడీసాజ్‌లను నిందించడం తగదు. మెరవని గడియారాన్ని చూసి "ఏమి పని చేసినావు?" అని గద్దించే ఖాతాదారులే ఆ అలవాటు నేర్పినారు. లోపలి చక్రాలను సరిచేసిన నేర్పుకు విలువ కట్టలేని మనం పై తళుకుకు డబ్బు ఇస్తున్నాము. ఆ తళుకు బఫింగ్ చక్రం పెట్టిన ఎవరైనా ఇవ్వగలరు. లోపలి పని తెలిసినవారు నానాటికీ తగ్గిపోతున్నారు. వారికి దక్కవలసిన గౌరవమూ, ప్రతిఫలమూ పై మెరుపుకు పోవడం అన్యాయమని మేము భావిస్తున్నాము.

"వస్తువు మాది, మెరుపు మా ఇష్టం" అనేవారు ఉంటారు. హక్కును మేము కాదనము. పెండ్లినాడు వరుని చేతికి గీతలున్న గడియారం పెట్టడానికి మనసొప్పదనే తల్లిదండ్రుల బాధ కూడ మాకు తెలియనిది కాదు. కాని 2017లో న్యూయార్కు వేలంలో జరిగిన ఒక సంఘటనను వారు తలచుకోవలెను. హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ ధరించిన రోలెక్స్ డేటోనా గడియారం అక్కడ ఒక కోటి 77 లక్షల డాలర్లకు పైగా పలికినది. కారు పందాలలో పాల్గొనే అతనికి అతని భార్య దానిని బహూకరించినది. వెనుక మూతపై "జాగ్రత్తగా నడుపు" అనే అర్థం గల రెండు మాటలూ, "నేను" అనే సంతకమూ ఆమె చెక్కించినది. ఎవరో మెరుపు కోసం ఆ మూతను చక్రానికి పట్టి ఉంటే ఆ అక్షరాలు ఏమయ్యేవి? కోట్లు పలకకపోయినా, మన తండ్రుల గడియారాల వెనుక ఉన్న పేర్లు, తేదీలు మనకు అంతటి విలువైనవే. తండ్రి పాతికేళ్ళు ఎండలో పని చేసిన చేతిపై ఉన్న గడియారం కొడుకు పెండ్లి నాటికి అంగడిలో నిన్న కొన్నదానివలె కనిపించవలెనా? అట్లా కనిపించకపోతే అవమానం ఎవరికి?

ఈ సందర్భంలో కళాశాల సంఘం పెద్దలకు ఒక విన్నపం. కళాశాలలలో వెండి పూత పూసిన కప్పులూ, రోలింగ్ షీల్డులూ వార్షికోత్సవానికి ముందు ప్రతి సంవత్సరం మెరుగు ద్రావకంతో తోమబడుతూ ఉంటవి. తోమిన ప్రతిసారీ వాటిపై చెక్కిన విజేతల పేర్లు కొంచెం కొంచెంగా అరుగుతవి. మెరిసే షీల్డు వేదికకు అందమే. కాని ఆ షీల్డు ఉన్నది పేర్లను నిలుపుకొనడానికి. అక్షరాలున్న చోట ద్రావకం తగలనీయక, మెత్తని గుడ్డతో మాత్రమే తుడిపించే ఏర్పాటు చేయవలెనని కోరుతున్నాము. పట్టణంలోని అనుభవజ్ఞుడైన ఒక ఘడీసాజ్‌ను ఏడాదికి ఒకమారు పిలిచి, విద్యార్థుల ఎదుట ఒక గడియారాన్ని విప్పించి చూపిస్తే, భౌతికశాస్త్ర పాఠంతోబాటు చేతి పనిపై గౌరవం కూడ అలవడుతుంది.

విద్యార్థులకు మా సూచన ఇంకా చిన్నది. మీ ఇంట అటువంటి గడియారం ఉంటే దానిపై ఉన్న గీతల కథలు పెద్దలను అడిగి తెలుసుకోండి. ఏ గీత ఏ ఊరిలో, ఏ పనిలో పడినదో వారికి గుర్తుండవచ్చు. విన్న తరువాత కూడ మెరుగు పెట్టించవలెననిపిస్తే, మంచి పనివాని వెదకి, ఒక్కసారి పెట్టించండి. ఎంత తరుగు పోతుందో ముందుగానే అడగండి.